ఎడారి సంగీతమూ ఉద్దానం గాలీ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆయన్ని పలాసలో అందరం మాస్టారనే పిలిచాం. ఇవాళా ఆ పిలుపే వాడతాను. లెక్కల మాస్టారు, నాటకాలకు హార్మోనియం వాయించే మనిషి. పాఠం మధ్యలో గూడ్సు బండి వెళ్తుంటే సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఆ కూత ఏ శ్రుతిలో ఉందో చెప్పమని పిల్లల్ని అడిగేవారు. అంత చెవి ఉన్న మనిషి జ్ఞాపకార్థం మాట్లాడాలంటే సంగీతం గురించే మాట్లాడాలనిపించింది. అందులోనూ మన సభల్లో ఎప్పుడూ చర్చకు రాని సంగీతం ఎంచుకున్నాను. గుర్రాల మీద తుపాకులు పట్టుకు తిరిగే ఎడారి సినిమాల ధ్వనినీ, యాంబియంట్ అని పిలిచే నెమ్మదైన ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ కొందరు ప్రయోగశీలురు ఒకచోటికి తెచ్చారు. వాళ్ళ పని గురించి చెప్తాను.

ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఉన్న మనకు ఎడారి సంగీతంతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. ఒక చోటు ఎలా మోగుతుందో చెవిపెట్టి విని, ఆ మోతనే సంగీతంగా నిలబెట్టే విద్య వాళ్ళ దగ్గర ఉంది. అది మన తీరానికి అత్యవసరమని నా నమ్మకం. అదే సంగీతంలో ఒక పెద్ద అన్యాయం కూడా దాగి ఉంది. దాన్ని మనకన్నా బాగా గుర్తుపట్టగలవాళ్ళు తక్కువ.

తెలుగువాళ్ళకు ఎడారి మోత కొత్తేమీ కాదు. 1971 ఆగస్టులో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర, కథానాయకుడు కృష్ణ. రాజస్థాన్ ఇసుకలో చిత్రీకరించిన తొలి తెలుగు కౌబాయ్ సినిమా. సంగీతం ఎవరిదో ఈ తరానికి అంతగా గుర్తులేదు. పి. ఆదినారాయణరావు. ‘అనార్కలి’కి, ‘సువర్ణసుందరి’కి బాణీలు కట్టినాయన. ఒక్క పాటలో రాగం తర్వాత రాగం మార్చుకుంటూ హిందుస్తానీ సంప్రదాయాన్ని సామాన్య శ్రోత నాలుక మీదికి తెచ్చిన మనిషి. అలాంటి విద్వాంసుడు ‘సువర్ణసుందరి’ వచ్చిన పద్నాలుగేళ్ళ తర్వాత కౌబాయ్ టోపీకి సంగీతం కట్టాల్సి వచ్చినప్పుడు దాన్ని తక్కువ పనిగా చూడలేదు. ఆ తర్వాత 1990లో రాజ్-కోటి సంగీతంతో ‘కొదమసింహం’, 2002లో మణిశర్మ సంగీతంతో ‘టక్కరి దొంగ’ వచ్చాయి. మూడు తరాల తెలుగు సంగీత దర్శకులు ఇసుక తిన్నె మీద గుర్రం కనిపించగానే ఈలవైపు, గిటారు తీగవైపు చెయ్యి చాపారు. ఆ ఈల ఎక్కణ్ణించి వచ్చింది?

రోము నగరం నుంచి వచ్చింది. ఎన్నియో మోరికోన్ 1928లో అక్కడే పుట్టి, 2020లో అక్కడే కన్నుమూశాడు. దర్శకుడు సెర్జియో లియోనే ఆయనకు చిన్నప్పుడు బడిలో తోటి విద్యార్థి. 1964లో ఇద్దరూ కలిసి ‘డాలర్స్’ వరసలోని తొలి కౌబాయ్ సినిమా తీశారు. కథ అమెరికా, మెక్సికో సరిహద్దుది. తీసింది స్పెయిన్‌లో. సంగీతం రికార్డు చేసింది రోములో. ఈల వేసింది అలెస్సాండ్రో అలెస్సాండ్రోని అనే ఇటలీ వాద్యకారుడు. మన కచేరీల్లో మృదంగం పక్కన వినిపించే మోర్సింగ్ లాంటి వాద్యాన్నే సిసిలీ జానపదుల నుంచి తెచ్చి తుపాకీ పక్కన పెట్టారు. కొరడా దెబ్బ, చర్చి గంట, అర్థంలేని కేక, ఎదా దెల్లోర్సో పాడిన మాటల్లేని ఆలాపన, అన్నీ వాద్యాలే. అమెరికా ఎడారి ఇలాగే మోగుతుందని ప్రపంచమంతా నమ్మింది. అమెరికావాళ్ళూ నమ్మారు.

మోరికోన్ వట్టి సినిమా సంగీతకారుడై ఉంటే ఇంత చెప్పక్కర్లేదు. 1958లో జర్మనీలోని డార్మ్‌స్టట్‌కు వెళ్ళాడు. ప్రయోగ సంగీతకారుడు జాన్ కేజ్ అక్కడ నిశ్శబ్దమూ సంగీతమేనని వాదిస్తున్న రోజులవి. తర్వాత నువోవా కాన్సొనాంజా అనే ప్రయోగ బృందంలో బాకా ఊదాడు. ఒకసారి ఫ్లోరెన్స్‌లో ఒక ప్రదర్శనకు వెళ్తే, వేదిక మీద ఒకాయన నిచ్చెన తీసుకొచ్చి దాన్ని కిర్రుకిర్రుమనిపించడమే కచేరీగా చేశాడట. ఆ సంగతి మోరికోన్ లియోనేకి చెప్పాడు. 1968లో వచ్చిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ మొదటి దృశ్యం అక్కణ్ణించే పుట్టింది. ముగ్గురు మనుషులు స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తుంటారు. చాలాసేపటి వరకు వాద్యం ఒక్కటీ మోగదు. నూనె లేని గాలిమర కిర్రుమంటుంది. టోపీ మీద నీటిచుక్క పడుతుంది. ఈగ ముసురుతుంది. టెలిగ్రాఫ్ టకటకలాడుతుంది. అంతే. సినిమా చరిత్రలో ఇంత మంచి సంగీతం అరుదు అంటాను నేను. నౌపడ స్టేషన్ బెంచీ మీద మే నెల మధ్యాహ్నం కూర్చున్నవాళ్ళకు ఆ దృశ్యం వివరించి చెప్పక్కర్లేదు.

ఇక రెండో పాయ, యాంబియంట్. 1975లో బ్రయన్ ఈనో అనే ఇంగ్లండ్ సంగీతకారుడు ప్రమాదం జరిగి మంచం పట్టాడు. చూడవచ్చిన స్నేహితురాలు పాత హార్ప్ సంగీతం రికార్డు పెట్టి వెళ్ళింది. శబ్దం బాగా తక్కువగా ఉంది, ఒక స్పీకరు పనిచెయ్యడంలేదు, బయట వాన. లేచి సరిచేసే ఓపిక లేక అలాగే విన్నాడు. వాన చప్పుడులో అక్కడక్కడ ఒక స్వరం తేలుతోంది. గదిలో వెలుతురు ఉన్నట్టు సంగీతం కూడా ఉండవచ్చని ఆయనకు తట్టింది. 1978లో విమానాశ్రయాల కోసం చేసిన ఆల్బమ్‌తో యాంబియంట్ అన్న పేరు స్థిరపడింది. వేర్వేరు పొడవున్న టేపు చుట్టలను ఒకేసారి తిప్పుతారు. ఒక్కో చుట్ట మీద ఒకటో రెండో స్వరాలు. పొడవులు కలవవు కాబట్టి అవే స్వరాలు ప్రతిసారీ కొత్త వరసలో ఎదురవుతుంటాయి. తాళం ఉండదు. దూరం ఉంటుంది.

ఈ రెండు పాయలూ కలిసిన చోటు విచిత్రమైంది. చంద్రుడు. అపోలో యాత్రల చిత్రాలతో అల్ రైనర్ట్ తీసిన డాక్యుమెంటరీకి 1983లో ఈనో, ఆయన తమ్ముడు రోజర్, కెనడాకు చెందిన డానియల్ లన్వా కలిసి సంగీతం చేశారు. వ్యోమగాములు తమ వెంట తీసుకెళ్ళిన క్యాసెట్లలో పల్లె పాటలు, అంటే అమెరికన్ కంట్రీ సంగీతం ఉండేదని ఈనోకి తెలిసింది. దాంతో ఎలక్ట్రానిక్ మేఘాల మధ్య లన్వా పెడల్ స్టీల్ గిటారును వదిలాడు. ఒడిలో అడ్డంగా పెట్టుకున్నట్టుండే ఆ వాద్యంలో వేళ్ళతో తీగను మెట్ల మీద నొక్కరు. ఇనుప కడ్డీని తీగల మీద జారుస్తారు. కాళ్ళతో, మోకాళ్ళతో మీటలు తొక్కి తీగల బిగువు మారుస్తారు. స్వరం ఎక్కడా మెట్టు దిగినట్టు ఉండదు. ఒకచోటు నుంచి మరోచోటికి గాలిలో జారి వెళ్తుంది. చంద్రుడి మీది బూడిద నేలకు టెక్సాస్ పశులకాపరి తీగ అంత చక్కగా సరిపోతుందని ఆ రికార్డు వినేదాకా ఎవరూ ఊహించలేదు.

1990లో కె.ఎల్.ఎఫ్. అనే బ్రిటిష్ జంట టెక్సాస్ నుంచి లూసియానా దాకా రాత్రి ప్రయాణంలా సాగే ఆల్బమ్ ఒకటి చేసింది. రైళ్ళు, గొర్రెలు, రేడియో ముక్కలు, మళ్ళీ అదే స్టీల్ గిటారు. ఆ ఊళ్ళకు తామెన్నడూ వెళ్ళలేదని వాళ్ళే చెప్పారు. పేర్లు పటంలో దొరికాయి.

వీళ్ళందరిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది స్టీవ్ రోచ్ మీద. 1955లో కాలిఫోర్నియాలో పుట్టాడు. కుర్రతనంలో మోటారు సైకిలు పందాలు నడిపాడు. తర్వాత సింథసైజరు పట్టుకుని ఎడారికి వెళ్ళాడు. 1984లో వచ్చిన ‘స్ట్రక్చర్స్ ఫ్రమ్ సైలెన్స్’లో స్వరం ఊపిరి తీసినంత నెమ్మదిగా పెరిగి తగ్గుతుంది. 1988 నాటి ‘డ్రీమ్‌టైమ్ రిటర్న్’ ఆస్ట్రేలియా ఎడారుల ప్రేరణ. తర్వాత అరిజోనాలోని టూసాన్‌లో స్థిరపడ్డాడు. 1998లో రోజర్ కింగ్‌తో కలిసి ‘డస్ట్ టు డస్ట్’ చేశాడు. నోటితో ఊదే హార్మోనికా, గిటారు, దుమ్ము, ఎలక్ట్రానిక్ శ్రుతి. మనం ఇవాళ మాట్లాడుకుంటున్న కలయిక అచ్చంగా ఇదే. ఈనోకి, మోరికోన్‌కి లేని ఒక గుణం రోచ్‌కి ఉంది. తాను వినిపిస్తున్న చోట తాను కాపురం ఉన్నాడు. వేడి ఎక్కిన నేల సాయంత్రం చల్లబడేటప్పుడు గాలి ఎటు తిరుగుతుందో ఆయనకు పుస్తకం చెప్పలేదు.

భారతదేశం ఈ కథకు బయట ఉందనుకోకండి. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరు బిగించాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ కూర్చుని ఈ దేశపు తొలి ఎలక్ట్రానిక్ స్వరరచనలు చేశారు. టేపులు దశాబ్దాలపాటు అలమరాల్లో ఉండిపోయి 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. మనవాళ్ళలో మూర్తోవిక్ పేరుతో పనిచేసే హైదరాబాదు ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ‘అంతరిక్ష సంచార్’ అనే ప్రదర్శనకు కర్ణాటక సంగీతాన్ని, యంత్రాన్ని కలిపి నాదం కట్టారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, స్వరంతో చోటును చూపించే పనిలో తెలుగువాళ్ళకు గొప్ప పూర్వీకులున్నారు. ఈమని శంకరశాస్త్రి ఆకాశవాణి వాద్యబృందం కోసం ‘ఆదర్శ శిఖరారోహణం’ రచించారు. ఎవరెస్టు ఎక్కడాన్ని మాటలు లేకుండా వాద్యాలతో చెప్పిన రచన. ఆయన శిష్యుడు చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’లో వీణ తీగతో కోయిలను పలికించారు. శుద్ధ సంగీతం కాదని పెదవి విరిచినవాళ్ళున్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. వీణ మీద పిట్ట పలికిందంటే ఆ వైణికుడు కచేరీ గది కిటికీ తెరిచి బయటి తోపును విన్నాడన్నమాట.

అయితే నా ఉద్దేశంలో ఈ సంగీతానికి మన శ్రీకాకుళం జిల్లాలో అత్యంత దగ్గరి చుట్టం వీణ కన్నా జముకు. ఒకవైపు తోలు మూసిన గుల్ల. తోలు నడుమ నుంచి తీగ. తీగ చివర చిన్న కర్రముక్క. గుల్లను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగను బిగలాగుతూ, సడలిస్తూ, రెండో చేత్తో మీటుతారు. ఎల్లమ్మ కథ సాగుతున్నప్పుడు జముకు తాళమూ వేస్తుంది, మాట వెనకే మూలుగుతూ స్వరమూ ఇస్తుంది. తీగ బిగువు మారుతుంటే స్వరం మెట్లు లేకుండా ఎక్కి దిగుతుంది. ఇందాక పెడల్ స్టీల్ గురించి చెప్పానే, మోకాలితో మీట తొక్కి లన్వా చేసిన పని, మన కథకుడు చంకలో గుల్లతో చేస్తున్నాడు. బెంగాల్ బావుల్‌ల ఖమక్, మహారాష్ట్ర చౌండకం ఈ కుటుంబానివే. ఈ వాద్యానికి మన దగ్గర ఇంకో చరిత్ర ఉంది. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఊరూరా తిప్పి శ్రీకాకుళ రైతాంగ పోరాటానికి గొంతునిచ్చాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. ఒక కవి ప్రాణం ఒడ్డి మోసిన తీగ అది. దాన్ని సింథసైజరు పక్కన పెట్టేవాళ్ళు ఆ బరువు తెలిసి పెట్టాలి.

జముకు ఒక మీటును ఫోనులో రికార్డు చేసి, కంప్యూటరులో ఎనిమిది రెట్లు సాగదీసి వినండి. తోలు అదురు వేరు, తీగ మూలుగు వేరుగా విడిపోతాయి. వాటి వెనక ప్రతిధ్వని పెంచితే ఎదురుగా ఎంత మైదానం ఉందో చెవికి తెలుస్తుంది. ప్రతిధ్వని అంటే మరేమీ కాదు, శబ్దం వెళ్ళి దేనికో తగిలి తిరిగి రావడం. తిరిగి రావడానికి ఎక్కువ సమయం పడితే చోటు పెద్దది. తిరిగి రాకపోతే చోటుకు గోడలు లేవు. యాంబియంట్ సంగీతకారుడు స్వరాల కన్నా ముందు ఈ చోటును కడతాడు.

ఇప్పుడు అన్యాయం సంగతికి వస్తాను. ఎడారి సినిమాలో నేల ఖాళీగా ఉంటుంది. కెమెరా ఎటు తిరిగినా మనిషి లేడు. సంగీతం ఆ ఖాళీని ఇంకా విశాలం చేస్తుంది. ఖాళీ కాబట్టి వచ్చినవాడిది, ముందు తుపాకీ తీసినవాడిది. నిజానికి ఆ నేల ఎప్పుడూ ఖాళీ కాదు. రోచ్ ఉండే టూసాన్ చుట్టుపక్కల నేల తొహోనో ఓధమ్ ప్రజలది. తరతరాలుగా ఆ ఎండలోనే చిక్కుడు, మొక్కజొన్న పండించుకున్నారు. ఉత్తరాన నవాహోలు, అపాచీలు. సినిమా వాళ్ళని కొండ చాటు నుంచి అరిచే గుంపుగా చూపించింది. ఆ అరుపు కూడా సినిమా స్టూడియోల్లో పుట్టిందే. అందమైన సంగీతం ఒక అబద్ధాన్ని ఎంతగా నమ్మించగలదో దీన్నిబట్టి చూడండి.

ఈ అబద్ధం సోంపేటకు కొత్తగా వినిపించదు. అక్కడి బీలను, అంటే చిత్తడి నేలను, బీడు భూమి అన్నారు. ఖాళీగా పడి ఉంది కాబట్టి బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టొచ్చన్నారు. పొలాలకు నీరిచ్చే బీల, చేపల వేట సాగే బీల, గడ్డి కోసుకునే బీల, పటం మీద ఖాళీ జాగా అయిపోయింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి దగ్గర కాకరాపల్లిలో తంపర అనే చిత్తడి భూముల కోసం మళ్ళీ కాల్పులు, మళ్ళీ ప్రాణాలు. ఆ నీటి చుట్టుపక్కలే తేలినీలాపురం చింతచెట్ల మీదికి గూడబాతులు, రంగు కొంగలు ఏటా దిగుతాయి. ఆ చెట్ల కింద ఒక తెల్లవారుజామున మైకు పెడితే చాలు. గూళ్ళలో పిల్లల ఆకలి కేకలు, ముక్కులు కొట్టుకునే టకటకలు, రెక్కల బరువు. ఆ శబ్దం విన్న ఏ అధికారీ అక్కడ ఏమీ లేదని రాయలేడు.

అందుకే మన పిల్లలెవరైనా ఈ తీరం మీద ఇలాంటి సంగీతం చెయ్యాలనుకుంటే మనుషుల్లేని చోటుగా మాత్రం చెయ్యొద్దని ప్రాధేయపడుతున్నాను. ఎడారి మనుషులే ఎడారి సంగీతం చేస్తే ఎలా ఉంటుందో వినాలంటే సహారాలోని టువారెగ్‌ల బృందం తినారివెన్‌ను వినండి. బహిష్కృతులుగా, కాందిశీకులుగా బతికినవాళ్ళు 1970ల చివర్లో గిటార్లు పట్టారు. వాళ్ళ పాటలో ఖాళీ లేదు. చప్పట్లున్నాయి, గుంపు గొంతుంది, ఒంటె నడక ఉంది, ఇంటికి దూరమైన బాధ ఉంది.

నౌపడ ఉప్పు మడుల దగ్గర నిలబడితే ఎవరికైనా ఎడారే గుర్తొస్తుంది. కనుచూపు మేర చదును, కళ్ళు మూసుకుపోయేంత తెలుపు, నీడ లేదు. విదేశీ సంగీతకారుడొస్తే ఆ తెలుపు మీద పొడవాటి స్వరం ఒకటి పరిచి వెళ్ళిపోతాడు. మంచి స్వరమే కావచ్చు. కానీ అక్కడే ఉప్పు గుంజుతున్న పలక చప్పుడు ఉంది, మడి గట్టు మీద తట్ట మోస్తున్న అమ్మ ఊపిరి ఉంది, 1900లో పర్లాకిమిడి రాజులు వేయించిన చిన్న రైలు దారి ఉంది. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వైపు పోయే ఆ దారిలో ఇప్పుడు పెద్ద గేజి బళ్ళు నడుస్తున్నాయి. చిన్నబండి కూత ముసలివాళ్ళ నోట అనుకరణగా మిగిలింది. ఆ అనుకరణను కూడా రికార్డు చెయ్యండి. అది పాటకు పనికొస్తుంది.

శబ్దం పోవడమంటే ఏమిటో ఈ సభలో కూర్చున్నవాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకం రాసినవాళ్ళకూ తెలియదు. బర్నీ క్రాస్ అనే అమెరికన్, ఒకప్పుడు సింథసైజరు వాయించి తర్వాత అడవుల శబ్దాలు సేకరించిన మనిషి, 1988లో కాలిఫోర్నియాలో ఒక పచ్చికబయలు దగ్గర తెల్లవారుజామున రికార్డు చేశాడు. తర్వాత కలప కంపెనీ అక్కడ ఎంచి ఎంచి కొన్ని చెట్లే కొట్టింది. ఏడాదికి మళ్ళీ వెళ్ళాడు. కంటికి అడవి అలాగే ఉంది. ఫొటో తీస్తే తేడా తెలియదు. టేపు మీద మాత్రం పిట్టలు దాదాపు లేవు.

మనకు టేపు అక్కర్లేకపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారకముందే తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, విసురులో 165 దాకా. ఆ రాత్రి గాలి మోత గురించి ఎవరిని కదిపినా ఇప్పటికీ చేతులు చెవుల దగ్గరికి వెళ్తాయి. నేను అంతకన్నా తర్వాతి రోజుల గురించి అడుగుతుంటాను. కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు ఉద్దానంలో పుట్టినవాడికి నిద్రలో కూడా వినిపించేది. వానొస్తోందని భ్రమపెట్టే చప్పుడు. తోట పడిపోయాక గాలికి తగలడానికి ఏమీ లేకపోయింది. గాలి వీస్తూనే ఉంది, మోగడం మానేసింది. ముప్పై నలభై ఏళ్ళ చెట్టు పోతే పరిహారానికి లెక్క కట్టారు. ఆ మోతకు లెక్క కట్టే పట్టీ లేదు. కొత్త మొక్కలు ఎదిగి మళ్ళీ మట్టలు రాసుకుంటున్న తోటలు కొన్ని ఉన్నాయి. పాత తోట మిగిలినచోట ఒకటి, తిత్లీ తర్వాత నాటినచోట ఒకటి, ఒకే వేళకు రికార్డు చేసి రెండు స్పీకర్లలో ఎదురెదురుగా వినిపించండి. వేరే స్వరం ఏదీ కలపొద్దు. అది సంపూర్ణమైన రచన అవుతుంది.

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల సంగతి కూడా చెప్పాలి. పిక్క పగిలే చప్పుడు ఒక్కటిగా వింటే చిన్నది. వరసలో కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లో వందల పిక్కలు పగులుతుంటే దానికొక లయ పుడుతుంది. ఎవరూ తాళం వెయ్యరు. ఒకరి వేగం ఒకరికి కలవదు. ఈనో టేపు చుట్టల గురించి ఇందాక విన్నారు కదా, పొడవులు కలవనందువల్ల ఎప్పుడూ ఒకేలా రాని సంగీతం. జీడి ఫ్యాక్టరీలో అది రోజూ ఎనిమిది గంటలు జరుగుతోంది. ఆ చేతులకు జీడి నూనె చేసే గాయాల సంగతి తెలియకుండా ఆ లయను ఆస్వాదించమని మాత్రం నేను చెప్పను. రికార్డు చెయ్యడానికి వెళ్ళినవాళ్ళు ముందు ఆ చేతులు చూడాలి, కూలి ఎంతో అడగాలి, వాళ్ళు వద్దంటే మైకు సంచిలో పెట్టుకుని తిరిగి రావాలి.

ఇక చివరగా ఒక ప్రతిపాదన. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పనవసరం లేదు. ఈ సభలోనే ఆ ఇళ్ళవాళ్ళున్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ మంచం మీద మనిషి నాలుగేసి గంటలు కదలకుండా ఉండాలి. వారానికి రెండుసార్లు, మూడుసార్లు. యంత్రం పంపు తిరిగే మూలుగు, మధ్యమధ్య అలారం, పక్క మంచం మీది దగ్గు, ఎవరి ఫోనులోనో గట్టిగా పెట్టిన వీడియో. ఇంగ్లండ్‌లో హోవ్ అనే ఊళ్ళోని మాంటిఫియోరే ఆసుపత్రికి 2013లో బ్రయన్ ఈనో రోగుల కోసం సంగీతంతో, వెలుతురుతో ఒక గది చేసిచ్చాడు. విమానాశ్రయానికి పనికొచ్చిన పద్ధతి ఆసుపత్రికీ పనికొచ్చింది. మన డయాలసిస్ వార్డుకు మనవాళ్ళు ఎందుకు చెయ్యకూడదు?

దీనికి కావలసినవన్నీ పాతిక మైళ్ళ లోపల ఉన్నాయి. బారువ ఒడ్డున అల వెనక్కి జారేటప్పుడు ఇసుక పీల్చుకునే చప్పుడు, మహేంద్రతనయ ఏటి నీరు, రాత్రి తోటలో కీచురాయి, సాగదీసిన జముకు తీగ. సంగీతం గుండె వేగం కన్నా నెమ్మదిగా ఉండాలి. హఠాత్తుగా పెరిగే శబ్దం ఒక్కటీ ఉండకూడదు, యంత్రం అలారాన్ని కప్పేయకూడదు. అలారం ఏ శ్రుతిలో ఉందో ముందే విని, దానికి విరోధించని శ్రుతిలో మిగతాదంతా కట్టాలి. మాస్టారు గూడ్సు బండి కూతకు అడిగిన ప్రశ్నే ఇది. నాలుగు గంటల నిడివి ఉండాలి. మొదటి గంటలో నొప్పి, మూడో గంటలో విసుగు, చివరి అరగంటలో ఇంటి ధ్యాస ఉంటాయని అక్కడ పడుకునేవాళ్ళే చెప్తారు. వాళ్ళను అడిగి కట్టండి. వినడం ఇష్టంలేనివాళ్ళకు వినిపించకుండా ఒక్కో మంచానికీ విడిగా ఇయర్‌ఫోన్లు పెట్టండి.

టెక్కలిలో, పలాసలో ఇంజనీరింగు చదువుతూ చేతిలో లాప్‌టాప్ ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పని ఇలా మొదలుపెట్టండి. మైకుకు బొచ్చు తొడుగు వెయ్యండి, లేకపోతే మన తీరపు గాలిలో మీకు వేరే ఏమీ దొరకదు. రికార్డు మొదట్లో మీ గొంతుతోనే ఊరు, తేదీ, వేళ, ఏ దిక్కు గాలో చెప్పండి. జముకు కళాకారుణ్ణి పిలిచినప్పుడు ముందు పారితోషికం మాట్లాడుకోండి, ఆల్బమ్ మీద ఆయన పేరు మీ పేరు కన్నా పైన వెయ్యండి, ఆయన తీగ శబ్దాన్ని ఇంకెవరికైనా ఇవ్వాలంటే మళ్ళీ ఆయన్నే అడగండి. ప్రతి రికార్డింగుకూ రెండు నకళ్ళు తీసి, ఒకటి ఆ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. డయాలసిస్ వార్డు కోసం మొదటి గంట సంగీతం సిద్ధం కాగానే దాన్ని ముందు డాక్టర్లకు, నర్సులకు వినిపించి, వాళ్ళు తీసెయ్యమన్నవి తీసెయ్యండి. వచ్చే ఏడాది ఈ స్మారక సభలో ఉపన్యాసం బదులు ఆ గంటసేపూ దాన్నే వినిపించమని నిర్వాహకులను ఈ వేదిక మీది నుంచే కోరుతున్నాను.